కాపురం తరలించే ముందు



సకల ప్రశంసలు అల్లాహ్‌కే. ఆయనే మనల్ని పుట్టించాడు, మనం పుట్టకముందే మన ఉపాధిని నిర్ణయించాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబం పైన, సహచరులందరి పైన శాంతి శుభాలు కురియుగాక!

మాన్య సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందుగా నాకు నేను, ఆ తరువాత మీకు ఉద్బోధిస్తున్నాను. తఖ్వా అనేది మస్జిద్‌లో ధరించి, గడప దాటగానే విడిచిపెట్టే వస్త్రం కాదు. జీతం లెక్క వేసుకునేటప్పుడు, అద్దె ఇంటి కాగితం మీద సంతకం చేసేటప్పుడు, భార్యతో మాట్లాడేటప్పుడు కూడా అది మనతో ఉండాలి.

నేటి ప్రసంగానికి ఈ విషయాన్నే ఎన్నుకోవడానికి కారణం ఉంది. మన మదనపల్లె నుంచి బెంగళూరు సుమారు 120 కిలోమీటర్లు. చింతామణి, హొస్కోటె మీదుగా పోయే బస్సు ఎక్కితే మధ్యాహ్నానికల్లా చేరవచ్చు. దూరం చిన్నదే. అయితే ఆ దారిలో మనం రాష్ట్రం దాటుతాం, భాష దాటుతాం, ధరల మెట్టు దాటుతాం. ఏసీ మెకానిక్కులు, దర్జీలు, డ్రైవర్లు, నర్సులు, కంప్యూటర్ చదువులు చదివినవారు ఎందరో మన మహల్లా నుంచి అక్కడికి తరలిపోతున్నారు. ఒంటరిగా వెళ్లే వారి సంగతి వేరు. పాలు తాగే బిడ్డతో, బడికి పోయే పిల్లలతో కాపురాన్నే తరలించదలచిన యువకులు ఇటీవల తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటే: "హజ్రత్, వెళ్లమంటారా, వద్దంటారా?"

సోదరులారా! వెళ్లమనో, వద్దనో మింబర్ మీద నుంచి చెప్పదగిన మాట కాదు అది. ఎలా నిర్ణయించుకోవాలో మాత్రం ధర్మం మనకు నేర్పింది. దానినే నేడు మీ ముందుంచుతాను.

వలస దోషం కాదు

మొట్టమొదట గ్రహించవలసినది, ఉపాధి కోసం ఊరు విడవడం ధర్మసమ్మతమే. అల్లాహ్ భూమి విశాలమైనదని, ఆయన మార్గంలో ఇల్లు విడిచిన వానికి ఆశ్రయమూ, విస్తృతీ లభిస్తాయని దివ్యఖురాన్ నిసా అధ్యాయం (4:97, 100) తెలియజేస్తున్నది. ఆ వాక్యాలు ధర్మరక్షణ కోసం చేసే హిజ్రత్‌ను గురించి అవతరించాయి. జీతం కోసం చేసే ప్రతి ప్రయాణాన్నీ హిజ్రత్ అని పిలుచుకోవడం తగదు. అయినా భార్యాబిడ్డలకు హలాల్ అన్నం పెట్టాలనే సంకల్పంతో వేసే అడుగుకు అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఉంది. చుట్టాలలో గొప్ప కనిపించాలనీ, పక్కింటివాడు వెళ్లాడు గనుక తానూ వెళ్లాలనీ వేసే అడుగుకు ఆ ప్రతిఫలం ఉండదు. రెండు అడుగులూ ఒకే బస్సు ఎక్కుతాయి. తేడా సంకల్పంలోనే ఉంది.

అలాగే ఉన్న ఊరిలోనే ఉండిపోయినవాడు చేతకానివాడు కాడు. ఇక్కడ తక్కువ సంపాదనతో తృప్తిగా, అప్పు లేకుండా బతికేవానిని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు.

ఇంట్లో అడిగారా?

రెండవ విషయం సంప్రదింపు. అధికసంఖ్యాకులైన యువకులు పని చూపించే స్నేహితుడిని అడుగుతారు, ఇల్లు చూపించే దళారిని అడుగుతారు, ఇమామ్‌ను కూడా అడుగుతారు. ఆ ఇంట్లో పగలంతా గడపవలసిన భార్యను మాత్రం అడగరు. "సామాను సర్దుకో" అని చెబుతారు, అంతే.

హజ్రత్ ఇబ్రాహీమ్ (అ) వృత్తాంతాన్ని జ్ఞాపకం చేసుకోండి. హజ్రత్ హాజరా (అ)నూ, చంటిబిడ్డ అయిన ఇస్మాయీల్ (అ)నూ పంటలేని లోయలో, ఒక ఖర్జూరాల సంచి, ఒక నీటితిత్తితో విడిచి ఆయన వెనుదిరిగారు. ఆ తల్లి మౌనంగా ఉండిపోలేదు. వెంట నడచి, మళ్లీ మళ్లీ ప్రశ్నించారు. చివరకు ఇది అల్లాహ్ ఆజ్ఞయేనా అని అడిగి, అవునన్న సమాధానం విన్న తరువాతే, అలాగైతే ఆయన తమను నష్టపోనివ్వడని నమ్మి వెనక్కు మళ్లారు. సహీహ్ బుఖారీలో ఈ వృత్తాంతం సవివరంగా ఉంది. ఒక ప్రవక్తనే ఆయన సతీమణి కారణం అడిగారు. అందుకు ఆమెను ఎవరూ నిందించలేదు. మరి మన నిర్ణయాలకు దైవాజ్ఞ అనే ఆధారం కూడా లేదు. మన భార్యలు కారణం అడిగితే కోపగించుకునే అధికారం మనకు ఎక్కడిది?

బఖరా అధ్యాయం 233వ వాక్యాన్ని పరిశీలించండి. బిడ్డకు పాలు మాన్పించే విషయంలో కూడా తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయించుకోవాలని అక్కడ బోధించబడింది. పాలు మాన్పించడానికే సంప్రదింపు అవసరమైతే, ఆ బిడ్డ పెరగవలసిన ఊరినే మార్చడానికి ఎంతగా అవసరమో ఆలోచించండి. కనుక ఇద్దరూ కూర్చోండి, మాట్లాడుకోండి, ఇస్తిఖారా నమాజు చేయండి. ఇస్తిఖారా కలల కోసం చేసేది కాదు. మేలైన దానిని సులభం చేయమనీ, కీడైన దానిని దూరం చేయమనీ ప్రభువును వేడుకోవడం అది.

కాగితం మీద లెక్క

మూడవ విషయం లెక్క. ఒంటెను కట్టివేసి ఆ పైన అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (స) ఒక వ్యక్తికి బోధించినట్లు తిర్మిజీ గ్రంథంలో ఉంది. జీతం పెరిగిందని మాత్రమే చూసి బయలుదేరడం ఒంటెను కట్టకుండా విడిచిపెట్టడం వంటిది.

ఉదాహరణకు ఒక ఊహా లెక్క చెబుతాను. మీరు మీ అంకెలు వేసుకోండి. ఇక్కడ 22,000 రూపాయల జీతం, అక్కడ 38,000. పెరిగినది 16,000. ఇక్కడి ఇంటి అద్దె 6,000, అక్కడ 15,000 అనుకుందాం. అందులో 9,000 పోయింది. బడి ఫీజు, వ్యాను ఖర్చు 3,000 పెరిగాయి. పనికి పోయిరావడానికి 1,500. పండుగలకు, పెళ్లిళ్లకు, పెద్దలను చూడడానికి వచ్చిపోయే ఖర్చు నెలకు సగటున మరో 1,500. మొత్తం 15,000. మిగిలినది 1,000 రూపాయలు. పాలు, కూరగాయల ధరలో తేడా, బిడ్డకు జ్వరం వస్తే వైద్యుని ఫీజు ఆ వెయ్యిలోనే రావాలి.

ఈ లెక్కలో చేరని ఖర్చు మరొకటి ఉంది. ఇక్కడ పిల్లవాడిని దాదీయో, నానీయో చూసుకుంటుంది. దానికి మనం రూపాయి చెల్లించలేదు గనుక అది మన లెక్కలోకి రాలేదు. మీ భార్య ఇంట్లో రవికెలు కుట్టి నెలకు 4,000 సంపాదిస్తున్నదనుకోండి. ఆమెను నమ్మి బట్ట ఇచ్చే ఇరుగుపొరుగు స్త్రీలు ఆమె వెంట బెంగళూరుకు రారు. ఆ సంపాదన ఆమెది. షరీఅత్ ప్రకారం ఆ డబ్బు మీద భర్తకు హక్కు లేదు. ఇంటి ఖర్చు భరించవలసిన బాధ్యత భర్తదే. కనుక మీ జీతం పెరగడం కోసం ఆమె సంపాదన పోతున్నదంటే ఆ నష్టాన్ని చెప్పి, ఆమె సమ్మతి తీసుకోవడం మీకు విధి.

ఈ లెక్క అందరికీ ఇలాగే తేలుతుందని నేను అనడం లేదు. కొందరికి అక్కడ పని నేర్చుకునే అవకాశం ఉంటుంది, మూడేళ్లలో జీతం రెట్టింపు కావచ్చు. కొందరి బిడ్డకు పెద్ద ఆసుపత్రి వైద్యం దగ్గరలో అవసరమై ఉండవచ్చు. అవి న్యాయమైన కారణాలు. ఏ కారణం కోసం వెళుతున్నామో స్పష్టంగా తెలిసి ఉండాలని మాత్రమే నా మనవి. వీలైతే భర్త ముందుగా వెళ్లి, రెండు మూడు నెలలు పని చూసి, ఇల్లు కుదుర్చుకుని, ఆపై కుటుంబాన్ని తీసుకుపోవడం మంచిది. అయితే ఆ రెండు మూడు నెలలు రెండు మూడేళ్లుగా సాగనివ్వకండి.

అడ్వాన్సు, లీజు, వడ్డీ

సోదరులారా! ఎక్కువ మంది కాలు జారేది ఇక్కడే, కనుక శ్రద్ధగా వినండి. మన ఊరిలో రెండు మూడు నెలల అద్దె ముందుగా ఇస్తే ఇల్లు దొరుకుతుంది. బెంగళూరులో ఐదు నుంచి పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడిగే ఆచారం చాలాకాలంగా ఉంది. 15,000 అద్దెకు పది నెలలంటే లక్షా 50 వేలు. అంత సొమ్ము చేతిలో లేక వడ్డీకి అప్పు తీసుకుని వెళ్లేవారున్నారు. హలాల్ జీతం కోసం వెళుతూ మొదటి అడుగే వడ్డీ మీద వేయడం ఎంతటి విషాదం! వడ్డీని విడనాడని వారిని గురించి బఖరా అధ్యాయం (2:278, 279) ఎంత తీవ్రమైన హెచ్చరిక చేసిందో మీకు తెలియనిది కాదు.

వడ్డీ అప్పుకు భయపడిన మరికొందరు "లీజు" ఇల్లు చూసుకుంటారు. కన్నడంలో దీనిని భోగ్యం అని కూడా అంటారు. లక్షల రూపాయలు ఇంటి యజమానికి ఇస్తారు. నెలనెలా అద్దె ఉండదు. గడువు తీరాక ఆ సొమ్ము మొత్తం తిరిగి వస్తుంది. చూడడానికి వడ్డీ అనే మాటే లేదు. అయితే ఫుఖహాలు ఏమంటున్నారో వినండి. తిరిగి వచ్చే ఆ సొమ్ము యజమానికి మనమిచ్చిన అప్పు. అప్పు ఇచ్చినందుకు ప్రతిగా అద్దె లేకుండా నివసించడం అప్పు మీద పొందే లాభం. అప్పు మీద షరతుగా పొందే లాభం వడ్డీ కోవలోకే వస్తుంది. అందుచేత హనఫీ ఉలమాలు ఈ పద్ధతిని అనుమతించలేదు. పెద్ద మొత్తం ఇచ్చి, నామమాత్రపు అద్దె పెట్టుకోవడం కూడా అదే దారి. బజారులో నడిచే న్యాయమైన అద్దె చెల్లిస్తూ, భద్రత కోసం అడ్వాన్సు ఉంచడంలో దోషం లేదు. సందేహముంటే మీ కాగితాన్ని ముఫ్తీ గారికి చూపించి, ఆ తరువాతే సంతకం చేయండి.

ఇందులో ప్రాపంచిక ప్రమాదం కూడా ఉంది. యజమాని అప్పటికే ఆ ఇంటి మీద బ్యాంకు రుణం తీసుకుని, అది చెల్లించకపోతే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకోవడానికి వస్తుంది. లక్షలు ఇచ్చిన కుటుంబం కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజు పత్రాన్ని రిజిస్టర్ చేయించడం తప్పనిసరి. మనం చూసే అద్దె ఒప్పందాలు 11 నెలలకే ఉండడానికి కారణం ఇదే. దివ్యఖురాన్‌లోని అతి దీర్ఘమైన వాక్యం (2:282) అప్పును వ్రాసుకోవడం గురించే అవతరించింది. కనుక ఎంత అడ్వాన్సు, ఎప్పుడు తిరిగి ఇస్తారు, రంగులకూ మరమ్మతులకూ ఎంత తగ్గిస్తారు, ఏటా అద్దె ఎంత పెరుగుతుంది అనేవన్నీ వ్రాయించుకోండి. నోటిమాటను నమ్ముకుని, తరువాత తగవు పడకండి.

పిల్లల చదువు, పత్రాలు

చాలామందికి తెలియని విషయం ఒకటి చెబుతాను. మన రాష్ట్రంలో ఇంటర్మీడియట్ తరువాతి వృత్తివిద్యా కోర్సులలో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. స్థానికత సాధారణంగా అర్హత పరీక్ష వ్రాసే సంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్ల చదువును బట్టి తేలుతుంది. కర్ణాటకలో ప్రభుత్వ కోటా సీటు కోరే సాధారణ అభ్యర్థి అక్కడ కనీసం 7 సంవత్సరాలు చదివి ఉండాలి. తొమ్మిదవ తరగతిలో బిడ్డను అక్కడ చేర్చారనుకోండి. పన్నెండు పూర్తయ్యేనాటికి అక్కడ నాలుగేళ్లే అవుతాయి, ఇక్కడి నాలుగేళ్లు తెగిపోతాయి. రెండు చోట్లా పరాయివాడవుతాడు. కనుక చంటిపిల్లలతో వెళ్లేవారికి ఈ చిక్కు తక్కువ, పెద్ద తరగతుల పిల్లలున్నవారు ముందుగా విచారించుకోవాలి. ఇక్కడ కొన్ని ముస్లిం వర్గాలకు లభించే బి.సి.-ఇ ధ్రువపత్రం అక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదన్నది కూడా గుర్తుంచుకోండి.

బయలుదేరే ముందు పిల్లల టీకాల కార్డు, జనన ధ్రువపత్రం, బడి ఇచ్చే టి.సి., చదివిన ప్రతి ఏటి స్టడీ సర్టిఫికెట్ తీసి భద్రపరచుకోండి. రేషన్ కార్డును రద్దు చేసుకోవలసిన పని లేదు. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పథకం 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డుకు రావలసిన బియ్యాన్ని అక్కడి దుకాణంలోనూ వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వాల సొంత పథకాలు మాత్రం అలా సరిహద్దు దాటి రావు. మోటారు సైకిల్ తీసుకుపోతే, 12 నెలలకు మించి అక్కడ నడిపేందుకు రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. చట్టాన్ని పాటించడం కూడా మాట నిలబెట్టుకోవడంలో భాగమే.

అమానతులు, తల్లిదండ్రులు

దైవప్రవక్త (స) మక్కాను విడిచిన రాత్రిని గుర్తు చేసుకోండి. ప్రాణం తీయడానికి శత్రువులు పొంచి ఉన్నారు. అట్టి స్థితిలో కూడా తన వద్ద ప్రజలు దాచుకున్న వస్తువులను తిరిగి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచారు. ఆ వస్తువుల యజమానులలో ఆయనకు ఊరిలో నిలువనీడ లేకుండా చేసినవారూ ఉన్నారు. మరి మనం కిరాణా దుకాణంలో బాకీ ఉంచి, చీటీ డబ్బు ఎగవేసి, పొద్దుపొడవకముందే సామాను లారీకెక్కిస్తే అది ఎవరి సున్నతు? బాకీలు తీర్చి వెళ్లండి. తీర్చలేకపోతే ముఖం చూపించి, గడువు అడిగి, వ్రాసి ఇచ్చి వెళ్లండి.

తల్లిదండ్రుల హక్కు అన్నిటికన్నా బరువైన అమానతు. తల్లిదండ్రులను ఏడుస్తుండగా విడిచి హిజ్రత్ చేస్తానని వచ్చిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) వెనక్కు పంపి, వారిని ఏడిపించినట్లే నవ్వించి రమ్మన్నట్లు అబూదావూద్ గ్రంథంలో ఉంది. దీనర్థం ఎవరూ వెళ్లకూడదని కాదు. మందులు ఎవరు తెచ్చిస్తారు, రాత్రివేళ ఆయాసం వస్తే ఎవరు ఆటో పిలుస్తారు, నెలకు ఎంత పంపుతాం అనే ప్రశ్నలకు అన్నదమ్ములు కలసి కూర్చుని సమాధానం చెప్పుకున్న తరువాతే ప్రయాణం. తల్లిదండ్రులు సంతోషంగా దుఆ చేసి పంపితే, ఆ దుఆ ముందు పది నెలల అడ్వాన్సు ఎంత!

కొత్త ఊరిలో

ఇబ్రాహీమ్ (అ) తన కుటుంబాన్ని ఆ లోయలో విడిచి చేసిన ప్రార్థన ఇబ్రాహీమ్ అధ్యాయం 37వ వాక్యంలో ఉంది. దాని వరుసను గమనించండి. మొదట నమాజు స్థాపన. తరువాత మనుషుల హృదయాలు వారివైపు మొగ్గాలన్న కోరిక. ఆ తరువాతే ఫలాల ఉపాధి. మనం ఇల్లు వెదికేటప్పుడు ఈ వరుసను తలకిందులు చేస్తాం. మస్జిద్ నడిచిపోయేంత దూరంలో ఉందా, పిల్లలకు మక్తబ్ ఉందా అని ముందు చూడండి. ఉద్యోగంలో చేరేటప్పుడే జుమా నమాజుకు విరామం గురించి మర్యాదగా అడిగి తెలుసుకోండి.

రెండవది మనుషుల హృదయాలు. జుర్హుమ్ తెగవారు వచ్చి జమ్‌జమ్ పక్కన నివసించడానికి హజ్రత్ హాజరా (అ) అనుమతి కోరారు. నీటిపై హక్కు తనదేనన్న షరతుతో ఆమె సమ్మతించారు. మనుషుల తోడు ఆమెకు ఇష్టమైనదని ఆ హదీసులోనే ఉంది. కొత్త ఊరిలో నాలుగు గోడల మధ్య పగలంతా బిడ్డతో ఒంటరిగా గడిపే మీ భార్యకు కూడా ఆ తోడు అవసరం. సెలవు రోజున నిద్రపోకండి, ఆమెను తీసుకుని నలుగురినీ కలవండి.

ఇరుగుపొరుగుతో కలవాలంటే కన్నడం నేర్వాలి. 2015 నాటి చట్టం ప్రకారం అక్కడి బడులలో కన్నడం తప్పనిసరి. మీ పిల్లలు ఎలాగూ నేరుస్తారు, మీరూ వారితో కూర్చోండి. తెలుగు వచ్చినవారికి ఆ లిపి దగ్గరి చుట్టం. దైవప్రవక్త (స) ఆదేశం మేరకు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) పరాయి లిపిని కొద్ది రోజులలోనే నేర్చుకున్నారు. కొందరు యజమానులు మన పేరు వినగానే ఇల్లు లేదనవచ్చు. మనసు నొచ్చుకుంటుంది, నిజమే. అయితే ఒకరి సంకుచితత్వాన్ని ఊరంతటికీ అంటగట్టకండి. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స)కు దారి చూపిన అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ ముస్లిం కాడు. నమ్మదగినవాడు, దారి తెలిసినవాడు. మనకూ అలాంటి మంచివారు అన్ని మతాలలో దొరుకుతారు.

మహల్లా బాధ్యత

చివరగా ఇక్కడే ఉండిపోయే మనకు ఒక మాట. మదీనాలో సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానని ముహాజిర్ అయిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు చెప్పారు. ఆయన ఆ సోదరునికి దుఆ చేసి, బజారు దారి చూపమన్నారు. ఎండబెట్టిన పెరుగు, నెయ్యి అమ్మి తన కాళ్ల మీద నిలబడ్డారు. ఇచ్చేవాని ఔదార్యం, తీసుకోనివాని ఆత్మగౌరవం రెండూ మనకు కావాలి. వడ్డీ వద్దని మింబర్ మీద చెప్పి ఊరుకుంటే మన బాధ్యత తీరదు. స్తోమత ఉన్న పెద్దలు ఒక యువకుని అడ్వాన్సు కోసం ఖర్జె హసనా ఇవ్వండి. పత్రం వ్రాయించుకోండి, సాక్షులను పెట్టుకోండి, నెలనెలా తీసుకోండి. ముందుగా వెళ్లి స్థిరపడినవారు కొత్తగా వచ్చినవారిని పది రోజులు తమ ఇంట ఉంచుకోండి, బజారు దారి చూపండి. అతని తల్లిదండ్రుల తలుపు ఈ వీధిలో ఉన్న మనం తట్టుదాం.

సోదరులారా! మదీనా చేరిన కొత్తలో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) జ్వరంతో మంచాన పడ్డారు, మక్కా కోసం బెంగపెట్టుకున్నారు. అప్పుడు దైవప్రవక్త (స) మదీనాను తమకు ప్రియమైనదిగా చేయమనీ, దాని సా, ముద్ అనే కొలతలలో శుభం ప్రసాదించమనీ వేడుకున్నారు. కొలత పెద్దది కావాలని అడగలేదు, ఉన్న కొలతలో బర్కత్ అడిగారు. మనమూ అదే అడుగుదాం.

ప్రభూ! మా యువకుల సంకల్పాలను శుద్ధి చేయి. వెళ్లేవారికి వెళ్లిన చోట హలాల్ ఉపాధిని, మంచి పొరుగును, నమాజు నిలిపే ఇంటిని ప్రసాదించు. ఉండిపోయేవారికి తృప్తిని ప్రసాదించు. మమ్మల్ని వడ్డీ నుంచి, ఆడంబరం నుంచి కాపాడు. మా తల్లిదండ్రులను ఒంటరితనం నుంచి, మా చిన్నారులను దారితప్పడం నుంచి రక్షించు. మేము తినే గింజలో, కొలిచే కొలతలో బర్కత్ ప్రసాదించు. ఆమీన్.